క్రిస్టఫర్ చెప్పకుండా వదిలేసిన చోటే నాకు ఏడుపొచ్చింది

మార్క్ హాడన్ రాసిన 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్' 2003లో వచ్చింది, నేను చదివింది మాత్రం పోయిన నెలలో, రెండు రాత్రుల్లో. ఇంగ్లండ్‌లో స్విండన్ అనే ఊళ్లో నాన్నతో ఉండే పదిహేనేళ్ల క్రిస్టఫర్, ఎదురింటావిడ కుక్కని ఎవరు చంపారో కనిపెట్టడానికి బయల్దేరతాడు. కథంతా అతనే రాస్తాడు. అతనికి ఆటిజం లాంటిది ఉందని కథలో ఎక్కడా పేరు పెట్టి చెప్పరు, చదువుతుంటే మనకే తెలుస్తుంది.

అధ్యాయాలకి 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలే ఉంటాయి. స్కూలుకి వెళ్తుంటే వరసగా నాలుగు ఎర్ర కార్లు కనిపిస్తే అతనికి మంచి రోజు, నాలుగు పసుపు కార్లు కనిపిస్తే ఆ రోజు ఎవరితోనూ మాట్లాడడు, మధ్యాహ్నం తినడు. ఇదేం పద్ధతి అని అడిగితే, ఆఫీసులో కూర్చుని పని చేసేవాళ్లు పొద్దున ఎండ చూసి సంతోషపడతారు కదా, దానికీ వాళ్ల పనికీ ఏం సంబంధం అంటాడు. పిల్లి ఎదురొస్తే గుమ్మంలో ఆగిపోయే ఇంట్లో పెరిగినదాన్ని, నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడి నుంచి కథ కొంచెం బయటపడుతుంది, చదవబోయేవాళ్లు ఈ పేరా వదిలేయండి. వాళ్లమ్మ చనిపోయిందని నాన్న చెప్పి ఉంటాడు. ఒకరోజు నాన్న బీరువాలో తన పేరుతో ఉన్న ఉత్తరాలు దొరుకుతాయి. 'ఐ' అక్షరం మీద చుక్కకి బదులు చిన్న సున్నా చుట్టి ఉండడం గమనిస్తాడు, అలా రాసేవాళ్లు తనకి తెలిసి ముగ్గురే, అందులో అమ్మ ఒకరు. పోస్టు ముద్ర మీద తేదీ చూస్తే అమ్మ పోయిన 18 నెలల తర్వాతది. మనకి అప్పటికే గుండె జారిపోతుంది, అతను మాత్రం తొందరపడి ఏదీ అనుకోకూడదని, ఇది ఇంకో క్రిస్టఫర్‌కి వాళ్లమ్మ రాసిందేమో అని కూడా ఆలోచిస్తాడు. తర్వాత నాన్న వచ్చి పక్కన కూర్చుంటే, ఆయన ఏడుస్తున్నాడన్నది కూడా ముఖం చూసి కాదు, జలుబు చేసినవాళ్లలా ఊపిరి తడిగా వినిపించడం వల్ల తెలుసుకుంటాడు. బాధ అన్న మాట వాడకుండానే ఈ పిల్లాడు నన్ను ఏడిపించాడు, ఎందుకంటే అతను కలపని చుక్కలన్నీ నేనే కలుపుకుంటూ పోయాను.

నాకు ఈ పుస్తకం ఇంత పట్టడానికి ఇంకో కారణం ఉంది. మా అక్క కొడుక్కి ఆటిజం. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు ముద్దుగా బుగ్గ గిల్లుతారు, వాడు చెవులు మూసుకుని అరుస్తాడు, పెంపకం బాలేదని అక్కని అంటారు. క్రిస్టఫర్‌కీ ఎవరైనా ముట్టుకుంటే పడదు, అందుకే వాళ్ల నాన్న కౌగిలించుకోకుండా చెయ్యి విసనకర్రలా చాపుతాడు, ఇతను తన వేళ్లు ఆ వేళ్లకి ఆనిస్తాడు, అంతే. ఆ రెండు మూడు వాక్యాలు అక్కకి ఫోన్లో చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు.

అలాగని ఆటిజం గురించి తెలుసుకోవడానికే కొనకండి. తాను నిపుణుణ్ని కాదని హాడనే చెప్పాడు, ఆటిజం ఉన్న పాఠకుల్లోనే ఇది నచ్చనివాళ్లున్నారు. క్రిస్టఫర్ లెక్కల్లో దిట్ట, మావాడికి లెక్కలంటే అసలు ఇష్టం లేదు, వాడికి ఫ్యాన్లు ఇష్టం. రెండో సగంలో పెద్దవాళ్ల గొడవలు కూడా నాకు కాస్త ఎక్కువనిపించాయి.

ఇంగ్లీషు చాలా తేలిక, ఇంటర్ పిల్లలు కూడా చదివేయొచ్చు. ఆడియోలో వినకుండా పుస్తకమే కొనండి, మధ్యమధ్యలో అతను గీసిన బొమ్మలు, మ్యాపులు ఉంటాయి, అనుబంధంలో ఒక త్రిభుజం లెక్క పూర్తి సాధనతో సహా ఉంటుంది. నేను కాగితం తీసుకుని చేసి చూశాను, వచ్చింది.