క్రిస్మస్ రోజుల్లో పక్షుల కోసం: లెక్కింపా, ఒంటరి మకామా?

1900లో అమెరికా పక్షి శాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ మొదలుపెట్టిన క్రిస్మస్ పక్షుల లెక్కింపు ఏటా డిసెంబర్ 14 నుంచి జనవరి 5 వరకు సాగుతుంది. సుమారు 24 కిలోమీటర్ల వ్యాసమున్న వలయంలో ఒక్క రోజులో కనిపించిన, వినిపించిన ప్రతి పక్షినీ లెక్కపెడతారు. కొత్తవారికి నేను చెప్పేది ఇదే. పక్కన అనుభవజ్ఞులు ఉంటారు కాబట్టి కూతను బట్టి పిట్టను గుర్తుపట్టడం త్వరగా వంటబడుతుంది. మీరు రాసిన అంకె శాస్త్రవేత్తలకూ పనికొస్తుంది. కాకపోతే ఒకచోట ఆగే తీరిక ఉండదు.

ఒంటరిగా నీటి ఒడ్డున కూర్చుంటే లెక్క చిన్నదే. కానీ చలికి ఈకలు ఉబ్బించి బంతిలా మారిన పిట్ట, ఒక కాలిని పొట్ట ఈకల్లో దాచుకుని నిలబడ్డ కొంగ అరగంటసేపు అచ్చంగా మీవే! ఒక్కరోజే వీలైతే నేను లెక్కింపుకే వెళతాను. మర్నాడు కూడా దొరికితే ఒడ్డుకు.