కొత్త స్టాండప్ కళాకారులకు సాయం: చేతికి నగదా, ఎక్కడానికి వేదికా, వెనుక ఒక మనిషా - ఏది మేలు?

స్టాండప్ కామెడీకి పెట్టుబడి అక్కర్లేదని, మైకు ఒకటి ఉంటే చాలని అనుకునేవారు ఆగస్టు నెలలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా నగరంలో గది అద్దె ఎంతో కనుక్కుంటే ఆ మాట మళ్లీ అనరు. ఆ నెలలో అక్కడ జరిగే కళల పండుగ, 1947లో మొదలైన ఫ్రింజ్ ఉత్సవంలో ఇప్పుడు ఏటా 3,000కు పైగా ప్రదర్శనలు జరుగుతున్నాయి. అక్కడికి కళాకారులను ఉత్సవం వారు ఎంపిక చేసి పిలవరు. రాదలచినవారే పేరు నమోదు చేసుకుని, హాలు మాట్లాడుకుని, కరపత్రాలు అచ్చు వేయించుకుని, మూడు వారాలకు పైగా బస ఖర్చు భరించి, రోజూ గంటసేపు జనాన్ని నవ్వించాలి. బ్రిటన్‌లో టీవీ సంస్థలవారూ ఏజెంట్లూ విమర్శకులూ కొత్త ముఖాల కోసం వెతికేది ప్రధానంగా అక్కడే కాబట్టి, వెళ్లకపోయినా నష్టమే. ఇంటి నుంచి ఆసరా ఉన్నవారు రెండు మూడేళ్లు చేతి డబ్బు పోగొట్టుకుని అయినా నిలదొక్కుకుంటారు. లేనివారు మొదటి ఏడాదే అప్పుతో వెనుదిరుగుతారు. విరాళాలతో నడిచే సహాయ పథకాలకు అవసరం ఏర్పడింది ఇక్కడే. అయితే అవన్నీ ఒకే రకం సాయం చేయవు.

నేరుగా డబ్బు ఇచ్చే పద్ధతికి తాజా ఉదాహరణ ‘కీప్ ఇట్ ఫ్రింజ్’ నిధి. తానూ ఫ్రింజ్ వేదిక మీదుగానే వెలుగులోకి వచ్చిన నటి, రచయిత్రి ఫీబీ వాలర్-బ్రిడ్జ్ చొరవతో ఇది ఏర్పడింది. 2023లో 50 మందికి తలా 2,000 పౌండ్లు ఇచ్చారు. మరుసటి ఏడాది ప్రభుత్వ నిధులు కూడా తోడై 180 మందికి తలా 2,500 పౌండ్లు అందాయి. ఇది హాస్యానికి మాత్రమే కాక నాటకం, నృత్యం వంటి వాటికి కూడా వర్తించే నిధి. 2,500 పౌండ్లంటే మన లెక్కలో రెండున్నర లక్షల రూపాయలకు పైమాటే. దేనికి ఖర్చు పెట్టాలో కళాకారుడే నిర్ణయించుకోవచ్చు కాబట్టి గౌరవమైన సాయం కూడా. కానీ ఆ సొమ్ములో చాలా భాగం వచ్చిన దారినే ఇంటి యజమానికో హాలు యజమానికో చేరిపోతుంది. కళాకారుడు ఎడిన్‌బరాకు చేరుకోగలుగుతాడు, నిజమే. అతని గంట ప్రదర్శన మాత్రం నిరుడు ఎలా ఉందో ఈ ఏడూ అలాగే ఉండవచ్చు. పైగా సాయం పెరిగేకొద్దీ అద్దెలు తగ్గుతాయన్న ఆశేమీ లేదు.

బహుమతుల సంగతి త్వరగానే తేల్చవచ్చు. 1981 నుంచి ఇస్తున్న ఎడిన్‌బరా కామెడీ అవార్డుకు ఉన్న పేరు గొప్పది. ఉత్తమ ప్రదర్శనకు 10,000 పౌండ్లు, ఉత్తమ నూతన కళాకారుడికి 5,000 పౌండ్లు ఇస్తూ వచ్చారు. అయితే బహుమతి అందేది ఉత్సవం ముగింపులో, అంటే చేయాల్సిన అప్పులన్నీ చేసేశాక. అక్కడిదాకా రాలేనివారికి దానితో పని లేదు. దాతృత్వం దృష్టితో చూస్తే దీన్ని చివరి వరుసలో కూర్చోబెట్టడానికి నాకు సంకోచం లేదు.

ఉచిత వేదికది వేరే దారి. పీటర్ బక్లీ హిల్ అనే కళాకారుడు 1996లో మొదలుపెట్టిన ‘ఫ్రీ ఫ్రింజ్’లో కళాకారుడు హాలుకు అద్దె కట్టడు, ప్రేక్షకుడు టికెట్టు కొనడు. పబ్బు వెనుక గదిలోనో మేడ మీదో కుర్చీలు వేసి ప్రదర్శన జరుపుతారు. అది ముగియగానే అప్పటిదాకా మైకు పట్టుకున్న మనిషే బకెట్టు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. వెళ్లేవారిలో కొందరు నోటు వేస్తారు, కొందరు చిల్లర వేస్తారు, కొందరు ఫోను చూసుకుంటూ జారుకుంటారు. ఆ గుమ్మం దగ్గర తెలిసినంత నిక్కచ్చిగా తన విలువ కళాకారుడికి మరెక్కడా తెలియదు. దీన్ని తక్కువ రకం ఏర్పాటుగా చూసినవారు లేకపోలేదు. కానీ అలాంటి ఉచిత ప్రదర్శనతోనే జాన్ కర్న్స్ అనే హాస్య కళాకారుడు 2013లో నూతన కళాకారుడి అవార్డు, మరుసటి ఏడాది ప్రధాన అవార్డు గెలుచుకున్నాడు. ఆ రెండూ అందుకున్న మొదటి వ్యక్తి అతనే. పేరు రాకముందు అతను బ్రిటన్ పార్లమెంటు భవనాన్ని సందర్శకులకు చూపించే గైడుగా పనిచేసేవాడు. ఉచిత వేదిక లేకపోతే అతను ఎడిన్‌బరాలో కాలు పెట్టేవాడే కాదని నేను అనను కానీ, పెద్ద హాలు అద్దె మోయాల్సి వస్తే అంత విచిత్రమైన ప్రదర్శనతో సాహసం చేసేవాడా అన్నది అనుమానమే. అయితే అద్దె పోయినా బస ఖర్చు పోదు. పక్క గదిలో గ్లాసుల చప్పుడూ పోదు.

నాలుగో దారి మెల్‌బోర్న్‌లో కనిపిస్తుంది. బ్రయన్ మెకార్తీ అనే హాస్య రంగ నిర్వాహకుడు మరణించాక ఆయన స్మృతిలో మిత్రులు ఏర్పాటు చేసిన మూస్‌హెడ్ అవార్డులు 1980ల చివరి నుంచి ఆ నగరపు కామెడీ ఉత్సవంలో కొనసాగుతున్నాయి. పేరుకు అవార్డే గానీ, ఇది అయిపోయిన పనికి ఇచ్చే బహుమతి కాదు, చేయబోయే పనికి ఇచ్చే సాయం. తోటి కళాకారులు సహాయార్థ ప్రదర్శన ఇచ్చి నిధి కూడగడతారు. ఎంపికైన కొద్దిమందికి ఖర్చులతోపాటు నిర్మాణంలోనూ దర్శకత్వంలోనూ తోడ్పాటు అందుతుంది. ఈ చివరి మాట దగ్గరే ఆగి చూడాలి. ఎవరైనా ఎక్కి ప్రయత్నించగల ఓపెన్ మైకు వేదిక మీద 5 నిమిషాలు నవ్వించడం వేరు, 50 నిమిషాలు కూర్చోబెట్టడం వేరు. 5 నిమిషాల్లో ప్రతి పావు నిమిషానికీ ఒక నవ్వు రాబడితే చాలు. గంట ప్రదర్శనలో అరగంట దాటాక జనం చెవులు అలసిపోతాయి, నవ్వు పలచబడుతుంది, అక్కడి నుంచి కథ లాక్కుపోవాలి. బాగా పేలుతున్న జోకే అయినా ఈ ప్రదర్శనకు అడ్డమని చెప్పి తీయించగల మనిషి అప్పుడు కావాలి. ఆ మాట స్నేహితుడు చెప్పడు, ప్రేక్షకుడికి తెలియదు, కళాకారుడికి మనసొప్పదు. కొత్తవారు సొంత డబ్బుతో కొనుక్కోలేనిది, కొనుక్కోవాలని కూడా తోచనిది ఇదే. లోపం లేదని కాదు: ఏడాదికి కొద్దిమందికే ఇది దక్కుతుంది, ఎంపిక చేసేవారి అభిరుచి అందులో పడుతుంది.

కాబట్టి నా ఓటు ఎవరికన్నది కళాకారుడి దశను బట్టి ఉంటుంది. ఇంకా 10 నిమిషాల సెట్టు, అంటే వేదిక మీద వరుసగా చెప్పే జోకుల కూర్పు, కూడా కుదరనివారికి లక్షలు ఇవ్వడం కన్నా వారం వారం ఎక్కడానికి ఉచిత వేదిక ఇవ్వడం వంద రెట్లు నయం. 20, 30 నిమిషాలు నిలబడగలిగి, గంటకు ఎదగాలనుకునేవారికి మూస్‌హెడ్ తరహా సాయానికి సాటి లేదు. ప్రదర్శన సిద్ధంగా ఉండి, కేవలం దారి ఖర్చులు లేక ఆగిపోయినవారికి నగదే సరైనది. ఒకే దారి ఎంచుకోమంటే మాత్రం, 180 మందికి పంచే సొమ్ములో కొంత తగ్గించి అయినా పది మందికి మంచి దర్శకుల తోడు కల్పించమంటాను. చేతికి డబ్బు చాలాచోట్ల నుంచి రావచ్చు, అలాంటి చెవి దొరకడం కష్టం.

హైదరాబాద్‌లో తెలుగు ఓపెన్ మైకులు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాయి కనుక ఈ లెక్క మనకూ పనికొస్తుంది. 2013 కంపెనీల చట్టం కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చుల జాబితాలో కళలకు, సంస్కృతికి చోటిచ్చింది గానీ, ప్రోత్సహించి అభివృద్ధి చేయమన్నది సంప్రదాయ కళలను, హస్తకళలను. స్టాండప్‌ను ఆ గొడుగు కిందకు తేవడం తేలిక కాదు. వ్యక్తుల విరాళాల మీదే ఎక్కువగా ఆధారపడాలి. ఆ దాతలకు నగదు పంచడం కన్నా ఒక కాఫీ దుకాణం మేడను వారానికి రెండు సాయంత్రాలు ఏడాది పొడవునా మాట్లాడి పెట్టడం చౌక. రంగస్థల దర్శకుడొకరికి పారితోషికం ఇచ్చి, నలుగురైదుగురు కొత్తవారి సెట్లను ఆరు నెలల పాటు చూడమనడం అంతకన్నా మేలు. దాత పేరు పోస్టరు మీద వేసినా తప్పులేదు. స్క్రిప్టు ముందుగా చూపించాలన్న షరతు మాత్రం ఒప్పుకోకూడదు. అలాంటి డబ్బు కన్నా బకెట్టులో పడ్డ చిల్లరే నయం.