ఏఎస్/400లో ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టడానికి ఏది మేలు: గ్రీన్ స్క్రీనా, రన్ ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్సా?

వరంగల్‌లో, కరీంనగర్‌లో చదువుకుని ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు మైఎస్‌క్యూఎల్ బాగానే వచ్చు. తీరా కంపెనీలో ఐబీఎం ఐ ముందు కూర్చోబెడితే, ఎస్‌క్యూఎల్ ఎక్కడ రాయాలన్న దగ్గరే ఆగిపోతారు. 1988లో ఏఎస్/400గా వచ్చిన ఈ యంత్రంలో డీబీ2 డేటాబేస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిసి ఉంటుంది. డేటా ఉండే పాత ఫిజికల్ ఫైల్‌ను ఎస్‌క్యూఎల్ టేబుల్‌గానే చూస్తుంది, ఫైళ్లుండే లైబ్రరీని స్కీమాగా చూస్తుంది. రాసే చోట్లు మాత్రం ప్రధానంగా రెండు.

మొదటిది గ్రీన్ స్క్రీన్ మీద, అంటే అక్షరాలు మాత్రమే కనిపించే పాత టెర్మినల్ తెర మీద, ఎస్‌టీఆర్‌ఎస్‌క్యూఎల్ కమాండ్. ఎఫ్4 నొక్కితే సెలెక్ట్ వాక్యాన్ని భాగాలుగా అడిగి నింపిస్తుంది, ఎఫ్9 నొక్కితే ముందు రాసినది తిరిగి వస్తుంది. ఈ యంత్రపు పాత ప్రోగ్రామింగ్ భాష ఆర్‌పీజీ రాసిన సీనియర్లకు ఇది చేతికి అలవాటైన చోటు. కానీ పది వరుసలు దాటిన క్వెరీ ఇందులో రాయడం నిజంగా శ్రమ. వెడల్పాటి ఫలితాలను పక్కకు జరుపుకుంటూ చదవాలి.

రెండోది మన పీసీలో వేసుకునే ఐబీఎం సాఫ్ట్‌వేర్ యాక్సెస్ క్లయింట్ సొల్యూషన్స్‌లోని రన్ ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్స్. జావా మీద నడుస్తుంది కాబట్టి విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. స్క్రిప్టును ఫైల్‌గా దాచుకోవచ్చు, ఫలితాన్ని ఎక్సెల్‌కు పంపవచ్చు. సిద్ధంగా ఉన్న ఉదాహరణలు అందులోనే దొరుకుతాయి. విజువల్ ఎక్స్‌ప్లెయిన్ తెరిస్తే క్వెరీ ఏ ఇండెక్స్ వాడిందో, ఎక్కడ ఆలస్యమైందో బొమ్మగా కనిపిస్తుంది. కొత్తవాళ్లకు నా సలహా ఇదే, ఇందులో తటపటాయింపు లేదు.

అయితే కొత్తవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇక్కడి నేమింగ్ సెట్టింగే, అంటే లైబ్రరీ పేరు లేని ఫైల్‌ను ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి లాట్ల వివరాలు ఒక లైబ్రరీలో ఉన్నాయనుకుందాం. లైబ్రరీ పేరు రాయకుండా ఫైల్ పేరు ఒక్కటే ఇచ్చి సెలెక్ట్ చేస్తే గ్రీన్ స్క్రీన్‌లో తేజ, వండర్ హాట్ లాట్లన్నీ వరుసగా వస్తాయి. అదే వాక్యాన్ని రన్ ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్స్‌లో నడిపితే ఎస్‌క్యూఎల్0204, అంటే ఫైల్ దొరకలేదన్న లోపం! ఫైల్ ఎక్కడికీ పోలేదు. గ్రీన్ స్క్రీన్ మామూలుగా సిస్టమ్ నేమింగ్‌లో ఉంటుంది, లైబ్రరీ లిస్ట్, అంటే మీ సెషన్‌కు పెట్టిన లైబ్రరీల వరుస, మొత్తం వెతుకుతుంది. రెండోది ఎస్‌క్యూఎల్ నేమింగ్‌తో తెరుచుకుంటుంది, డిఫాల్ట్ స్కీమా ఇవ్వకపోతే మీ యూజర్ పేరున్న స్కీమాలోనే చూస్తుంది. రన్ ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్స్ కనెక్షన్‌కు ఉండే జేడీబీసీ సెట్టింగ్స్‌లో సిస్టమ్ నేమింగ్ పెట్టి, లైబ్రరీ లిస్ట్ ఇస్తే గొడవ తీరిపోతుంది. ఈ ఒక్క మార్పు తెలియక ఎంతమంది "ఈ యంత్రం మనకు అర్థం కాదు" అనుకుని వెనక్కి తగ్గుతారో!

మార్పులు చేసేటప్పుడు మరో జాగ్రత్త. ఎస్‌క్యూఎల్‌తో కాకుండా డీడీఎస్ అనే పాత పద్ధతిలో చేసిన ఫైళ్లకు చాలాచోట్ల జర్నల్, అంటే మార్పుల చిట్టా, ఉండదు. కమిట్ కంట్రోల్ (మార్పులను ఖాయం చేసే లేదా వెనక్కి తీసుకునే వీలు) పెట్టుకుని అలాంటి ఫైల్‌ను అప్‌డేట్ చేయబోతే ఎస్‌క్యూఎల్7008 లోపం వస్తుంది. వాక్యం చివర 'విత్ ఎన్‌సీ' (కమిట్ కంట్రోల్ వద్దని) చేరిస్తే పని జరుగుతుంది, కానీ ఆ మార్పును రోల్‌బ్యాక్ చేయలేరు. అందుకే అదే వేర్ షరతుతో ముందు సెలెక్ట్ నడిపి, ఎన్ని రికార్డులు తగులుతాయో చూసుకున్నాకే అప్‌డేట్ రాయండి. ఏ తెర మీదైనా ఇదే నియమం.

ఆర్‌పీజీలో ఎస్‌క్యూఎల్ పొదిగి రాయడం మూడో దారి. అసలు ఉద్యోగం చివరికి అక్కడే ఉంటుంది, కానీ మొదటి నెలలో దాని జోలికి వెళ్లకండి. క్వెరీ తప్పా, ప్రోగ్రామ్ తప్పా అన్నది తేల్చుకోలేరు.

సాధనకు కంపెనీ డేటాను ముట్టుకోనక్కర్లేదు. క్యూఐడబ్ల్యూఎస్ లైబ్రరీలో క్యూకస్ట్‌సీడీటీ అనే చిన్న కస్టమర్ ఫైల్ ఉంటుంది. పేరు, ఊరు, క్రెడిట్ పరిమితి, బాకీ అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాళ్లకు పబ్400 అనే అందరికీ తెరిచిన ఐబీఎం ఐ సర్వర్ ఉచితంగా ఖాతా ఇస్తుంది. రాష్ట్రాల వారీగా బాకీల మొత్తం తీసే గ్రూప్ బై క్వెరీని రెండు తెరల మీదా ఒక్కోసారి నడిపి చూడండి.