పాత 911 టార్గాతో మన్‌హైమ్, నెకర్ లోయ: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఫుక్స్ (జర్మన్ కంపెనీ) అల్యూమినియం చక్రాలున్న పాత పోర్షా మీ దగ్గరుంటే వాటిని పౌడర్ కోటింగ్‌కి, అంటే రంగు పొడి చల్లి వేడితో కరిగించి అంటించే పూతకి, మాత్రం ఇవ్వకండి. కోపంతో రాస్తున్న మాటే అయినా కారణాలు గట్టివి.

మన్‌హైమ్ దగ్గర ఒక చక్రాల షాపు. పేరు ఎందుకులెండి. ఫోన్లో ఒక్కో చక్రానికి 140 యూరోలన్నారు. ముందే పార్సిల్లో పంపిన నాలుగూ తీసుకోడానికి వెళ్తే బిల్లు 666.40. చెప్పిన ధర పన్ను కలపందట, 19 శాతం వ్యాట్ తర్వాత వేశారు. జర్మనీలో వర్క్‌షాపుల దగ్గర 'బ్రుట్టో (పన్ను కలిపి) ఎంత?' అని అడగందే బేరం తేలదు.

డబ్బు సంగతి చిన్నది. 1966లో 911ఎస్‌తో వచ్చిన ఈ చక్రాలు పోతపోసినవి కావు, ఫోర్జింగ్ చేసిన అల్యూమినియం. పైన సన్నటి, గట్టి ఆనోడైజింగ్ పొర (కరెంటుతో లోహం మీదే పుట్టించే ఆక్సైడ్ పూత) ఉంటుంది. వాటి మెత్తటి వెండి నిగ్గు దానివల్లే. వీళ్లు ఇసుక లాంటి గ్రిట్‌తో కొట్టి ఆ పొర మొత్తం లేపేశారు. ముఖం గరుకు తేలితే దాన్ని కప్పడానికి మందంగా వెండి రంగు పౌడర్ కాల్చారు. అంతకంటే ఘోరం, నట్లు కూర్చునే గుండ్రటి గుంటల్లోనూ పౌడరే. ఆ గుంటలో లోహానికి లోహం తగలాలి. మధ్యలో పౌడర్ ఉంటే 130 న్యూటన్ మీటర్లకు బిగించినా, కొన్ని కిలోమీటర్లు తిరిగేసరికి అది నలిగి బిగువు తగ్గుతుంది. చక్రం వదులవ్వడానికి ఇది చాలు. కౌంటర్లో చూపిస్తే 'అందరికీ ఇలాగే చేస్తాం' అన్నారు. తోడు వచ్చిన మా బావ అక్కడే గొంతు పెంచాడు, లాభం లేదు.

సరైన పద్ధతి ఇది. పాత రంగునీ ఆనోడైజింగ్‌నీ రసాయనంతో తీయించాలి. డయల్ గేజ్ పెట్టి చక్రం తిప్పించి వంకర చూడాలి. పగుళ్ల పరీక్ష రంగు పడకముందే జరగాలి. తర్వాత చేత్తో పాలిష్, మళ్లీ ఆనోడైజింగ్, నట్ల గుంటలూ హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనుకునే ముఖమూ టేపుతో మూసి మధ్యభాగానికి నల్లరంగు. దీనికి ఇంకో చోట చక్రానికి 285 (బ్రుట్టో) అడిగారు, 7 వారాలు పడుతుందన్నారు. పౌడర్ తీసేయడానికే 45 చొప్పున 180 అదనం. బిగించాక 50 కిలోమీటర్లకు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసుకోండి. ఇంట్లో కడిగేటప్పుడు ఘాటైన క్షారపు వీల్ క్లీనర్లు వద్దు, అవి ఆనోడైజింగ్‌ని తినేస్తాయి.

చక్రాలు కొనేవాళ్లకు మన్‌హైమ్‌లో అక్టోబరులో జరిగే పాత కార్ల, విడిభాగాల సంత వెటెరామా మంచిది. తెల్లారేసరికి అక్కడుండండి, జేబులో నగదు ఉంచుకోండి. చక్రం తిప్పి వెనక చూడండి: సైజు, పార్ట్ నంబరు, తయారీ నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. 16 అంగుళాల్లో ముందువి 6జె ఈటీ36, వెనకవి 7జె ఈటీ23.3 (జె ముందు అంకె అంగుళాల్లో వెడల్పు, ఈటీ అంటే చక్రం మధ్యరేఖ నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరమో). ముద్రలు లేకుండా బరువుగా తగిలితే అది పోత నకలు. అద్దాల చుట్టూ ఉండే లోహపు ట్రిమ్ పట్టీల విషయంలో మాత్రం ఈ సంతని నమ్మను. చాలావరకు ఊడదీసేటప్పుడే వంగినవి, సరిచేసినా ఎండలో ఆ మడత కనబడుతుంది. అట్టముక్క మీద మీ పట్టీ వంపు గీసుకెళ్లి ఆనించి చూడండి. నల్ల ఆనోడైజింగ్ వెలిసి గోధుమరంగుకి తిరిగిన పట్టీలను పాలిష్‌తో బాగుచేయలేం. తీసి మళ్లీ ఆనోడైజ్ చేయించాలి, అదీ అన్నీ ఒకే విడతలో. రెండు విడతలైతే రెండు నలుపులొస్తాయి. ముందద్దం పట్టీని కారు మీద ఎక్కించబోయి చాలామంది వంచేస్తారు. అద్దం బల్ల మీద ఉన్నప్పుడే రబ్బరులోకి దూర్చి, తర్వాత రబ్బరు పెదవిలో నైలాన్ తాడు పెట్టి, సబ్బునీళ్లతో లోపల్నుంచి లాగుతూ అద్దం కూర్చోబెట్టాలి.

సంత దగ్గర బస గురించి చెప్పాలంటే, గది 94, పార్కింగ్ 18, 9 గంటలకే టిఫిన్ బంద్. పార్కింగ్ అంటే చెట్టుకింద కంకర నేల. ఆ రాత్రి వానకి, నడినెత్తిన తీసిపెట్టే టాప్ ఉన్న మా టార్గాలో డ్రైవర్ సీటు తడిసింది. సంత రోజుల్లో హైడెల్‌బర్గ్ వైపు వెళ్లి కప్పున్న గ్యారేజీ ఉన్న చోటు చూసుకోవడం మేలు.

ఆ తడే మమ్మల్ని నెకర్ నది ఒడ్డున ఒక పల్లెలోని ఆటోసాట్లర్ దగ్గరికి చేర్చింది. టాపులూ సీట్లూ కుట్టే చిన్న వర్క్‌షాపు. అంతకుముందు ఇంకో చోట టాప్ చుట్టూ నీళ్లు రాకుండా ఆపే రబ్బరు బీడింగ్ సెట్టు మొత్తం మార్చాలని 940 చెప్పారు. ఈ పెద్దాయన అసలు టాప్ జోలికే పోలేదు. తలుపు సగం తెరిచి వెనక అంచు పట్టుకుని పైకెత్తారు, కటకట ఆడింది. కీలు పిన్నులు అరిగిపోయాయి. తలుపు కిందికి జారితే ఫ్రేము లేని అద్దం కూడా దానితోపాటే జారి టాప్ బీడింగ్‌కి ఆనదు. తర్వాత అద్దానికీ బీడింగ్‌కీ మధ్య కాగితం ముక్కలు పెట్టి అద్దం ఎక్కించి ఒక్కొక్కటి లాగారు. బిగుసుకున్నచోట రబ్బరు బాగున్నట్టే. ముందు మూల దగ్గర మాత్రం కాగితం జారి వచ్చేసింది.

వరస ఇదే: ముందు కీళ్లు, తర్వాత తలుపు, తర్వాత అద్దం ఎత్తూ వాలూ, చివర్లో బీడింగ్. తిరగేసి చేస్తే కొత్త రబ్బరు కూడా కారుతుంది. ఆయన కీలు పిన్నులు మార్చి, అద్దం సర్ది, ముందు బీడింగ్ ఒక్కటే కొత్తది వేశారు. పాత జిగురుని ప్లాస్టిక్ గరిటెతో గీకి, కొత్త బీడింగ్‌ని ముందు జిగురు లేకుండా పెట్టి చూశారు. మూలల నుంచి మొదలుపెట్టారు. సాగదీస్తే ఎండకి ముడుచుకుని మూలలో సందు పడుతుంది కాబట్టి కొంచెం కుదించి అతికించారు. కొత్తలో టాప్‌ని బిగించే ముందు లివర్లు గట్టిగా ఉంటాయి, బలవంతం చేయకుండా కొన్నాళ్లు టాప్ మూసే ఉంచమన్నారు. రబ్బరుకి సిలికాన్ గ్రీజు మాత్రమే, పెట్రోలియం జెల్లీ వద్దు. చివర్లో గొట్టంతో, ఒత్తిడి లేకుండా, కింది నుంచి పైకి తడుపుతూ పరీక్ష. లోపల టార్చితో నేనే కూర్చున్నాను, చుక్క పడలేదు.

బీడింగ్ 118, పిన్నులు 36, రెండున్నర గంటల పని 230. మొత్తం 384, చెప్పిన ధరే బిల్లు. బావ మూడ్ కూడా అక్కడే బాగుపడింది, పక్క హోటల్లో 13.80కి చీజ్ వేసిన ష్పెట్స్లె (జర్మన్ నూడుల్స్) తిన్నాక.

తిరుగు దారిలో స్టుట్‌గార్ట్ పోర్షా మ్యూజియం చూశాం. బాగుంది, సోమవారం మాత్రం మూసి ఉంటుంది. ఆటోబాన్ (జర్మన్ హైవే) మీద వానలో గంటకు 120 కిలోమీటర్ల వేగం వరకు లోపల పొడిగానే ఉంది. 140 దాటితే బయటి గాలి అద్దాన్నీ టాప్‌నీ బయటికి లాగుతుంది, కుడి మూలలో కాస్త తడి తగిలింది. దానికి బీడింగ్ మార్చమనేవాళ్లకు ఇక డబ్బివ్వను. సాట్లర్ దగ్గరికి వెళ్లాలనుకుంటే వసంతంలో కాదు, నవంబరులో వెళ్లండి. ఏప్రిల్లో టాప్ తీసే కార్లవాళ్లంతా వరస కడతారు. ఆ సాట్లర్ శుక్రవారం ఒంటిగంటకే తలుపులు మూసేస్తారు, కార్డు తీసుకోరు.