ఎండీఎస్ గడువులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్: రెండేళ్లు వాడిన తర్వాత నా అభిప్రాయం

నేను అమెరికాలో ఒక నర్సింగ్ హోంలో ఎండీఎస్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. మెడికేర్ (వృద్ధులకు), మెడికెయిడ్ (పేదలకు) అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల సొమ్ము తీసుకునే ప్రతి నర్సింగ్ హోం తన దగ్గర ఉంటున్నవారి స్థితిని నిర్ణీత గడువుల్లో పరిశీలించి (దీన్నే అసెస్‌మెంట్ అంటారు), ఎండీఎస్ అనే ఫారంలో నింపి ప్రభుత్వానికి పంపాలి. ఆ గడువులను లెక్కగట్టి గుర్తుచేసే సాఫ్ట్‌వేర్‌ను మా యాజమాన్యం రెండేళ్ల కిందట కొన్నది. ఇదే పనిలో ఉన్న తెలుగు నర్సులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తాను.

ముందు మంచి చెబుతాను. రోజులు లెక్కపెట్టడంలో ఇది పొరపడదు. రాత్రి పదకొండున్నరకు వచ్చినా ఆ రోజే మొదటి రోజు. కొత్తగా చేరిన నర్సులు మర్నాటి నుంచి లెక్క మొదలుపెట్టి, 14వ రోజుకల్లా ముగియాల్సిన తొలి సమగ్ర అసెస్‌మెంట్‌ను ఒక రోజు ఆలస్యం చేయడం నేను చాలాసార్లు చూశాను. మూడు నెలలకోసారి చేసే అసెస్‌మెంట్ కూడా అంతే. 92 రోజులు లెక్కించాల్సింది పాత అసెస్‌మెంట్ ఏఆర్‌డీ నుంచి, అంటే పరిశీలన కాలం ముగిసిన తేదీ నుంచి. సంతకం పెట్టిన తేదీ నుంచి కాదు. మునుపు మేము వాడిన పట్టిక సంతకం తేదీని పట్టుకునేది. దాన్ని నమ్మి ఒకే నెలలో నలుగురి గడువులు దాటించాం. ఈ సాఫ్ట్‌వేర్ వచ్చాక అలాంటిది ఒక్కటీ జరగలేదు. ఇంకా పది రోజులుండగానే పేరు పసుపు రంగులోకి మారుతుంది, మూడు రోజులుండగా ఎరుపవుతుంది.

నా అసలు అభ్యంతరం పార్ట్ ఏ మీద వచ్చేవారి విషయంలో, అంటే ఆస్పత్రి నుంచి వచ్చాక కొన్నాళ్ల ఖర్చును మెడికేర్ భరించేవారి విషయంలో. 2019 సెప్టెంబరు దాకా వారికి 5, 14, 30, 60, 90 రోజుల అసెస్‌మెంట్లు వరుసగా ఉండేవి. ఒకదానిలో ఏదైనా తప్పిపోతే తర్వాతి దానిలో సర్దుకునే వీలుండేది. 2019 అక్టోబరు 1న పీడీపీఎం అనే కొత్త చెల్లింపు పద్ధతి వచ్చాక తప్పనిసరిగా మిగిలినవి రెండే: మొదట్లో చేసే 5 రోజుల అసెస్‌మెంట్, చివర్లో డిశ్చార్జి అసెస్‌మెంట్. మధ్యలో స్థితి మారితే మనం కావాలనుకుని చేసేది ఒకటి ఉంది కానీ, అది చేయకపోతే ఆ మొదటిదే మొత్తం స్టేకి, అంటే వారు మా దగ్గర ఉన్నన్నాళ్లకూ, మెడికేర్ ఇచ్చే రేటును నిర్ణయిస్తుంది. పని తగ్గిందని చాలామంది సంబరపడ్డారు. నాకు మాత్రం ఆ ఒక్క తేదీ మీద బరువు పెరిగింది.

ఈ 5 రోజుల అసెస్‌మెంట్ ఏఆర్‌డీని 1 నుంచి 8 రోజుల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం మనిషి వచ్చిన క్షణమే ఎనిమిదో రోజు వేసేస్తుంది. కిందటి శీతకాలంలో తుంటి ఎముకకు ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దావిడ మా దగ్గరికి వచ్చారు. ఆ మొదటి రాత్రే జ్వరం, రెండుసార్లు వాంతి. నైట్ డ్యూటీ నర్సు ఆవిడ మంచం పక్కనే కూర్చుని అరగంటకోసారి జ్వరం చూసి రాసింది. అర్ధరాత్రి కాకముందే తగ్గింది, మళ్లీ రాలేదు. జ్వరం, వాంతులు ఉన్నాయా అన్న ప్రశ్నకు ఏఆర్‌డీతో కలిపి 7 రోజులు వెనక్కి చూస్తారు. ఎనిమిదో రోజు నుంచి వెనక్కి వస్తే రెండో రోజు దగ్గర ఆగిపోతాం. ఆ రాత్రి ఎండీఎస్‌లో లేనట్టే. జ్వరంతో పాటు వాంతులు ఉండడం రేటును నిర్ణయించే నర్సింగ్ వర్గీకరణలో లెక్కకు వచ్చే విషయం. నేను ఆ నర్సు రాసిన నోట్సు చదివి తేదీని ఏడో రోజుకు జరిపాను. ఆ నర్సు నిజంగా చేసిన సేవ అది, నమోదు కావాలి. నోట్సు చదవకుండా తేదీ వేసే పద్ధతి నాకు నచ్చలేదు. సెట్టింగుల్లో దాన్ని ఆపేయవచ్చు. మీరు కొంటే మొదటి రోజే ఆపేయండి. అయితే ఏఆర్‌డీ ఎనిమిదో రోజు దాటకుండా అడ్డుపడే హెచ్చరికను మాత్రం ఉంచుకోండి. 11వ రోజు పడిందంటే 3 రోజులకు అతి తక్కువ డిఫాల్టు రేటే వస్తుంది.

రెండో లోపం ఇంకా పెద్దది. మా దగ్గర పార్ట్ ఏ మీద ఉన్న ఒకాయనను సోమవారం సాయంత్రం ఆస్పత్రిలో చేర్చారు. బుధవారం రాత్రి 10.40కి తిరిగి వచ్చారు. వెళ్లిన రోజుతో కలిపి మూడో రోజు అర్ధరాత్రిలోపు అదే నర్సింగ్ హోంకు వస్తే పాత స్టే కొనసాగుతుంది. కొత్తగా 5 రోజుల అసెస్‌మెంట్ అక్కరలేదు. అయితే రాత్రి సిబ్బంది ఆయన వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించింది అర్ధరాత్రి దాటాక 12.50కి. సాఫ్ట్‌వేర్ ఆ సమయాన్నే రాకగా తీసుకుని కొత్త స్టే తెరిచింది. అలా బిల్లు వెళ్లి ఉంటే, మందులు తదితరాల కోసం మొదటి 3 రోజులకు మూడు రెట్లు ఇచ్చే ఎన్‌టీఏ భాగం మాకు హక్కు లేకుండా రెండోసారి వచ్చేది. అది మెడికేర్ సొమ్ము, తిరిగి కట్టాల్సిన సొమ్ము. గేటు దగ్గర అంబులెన్సు రిజిస్టరు చూసి సమయం సరిచేశాను. సరిచేయగానే ఆస్పత్రికి వెళ్లినప్పటి డిశ్చార్జి అసెస్‌మెంటునూ, తిరిగి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డునూ కూడా చెరిపేసింది! ఆస్పత్రిలో చేరారు కాబట్టి ఆ రెండూ ఓబ్రా నియమాల కింద, అంటే నర్సింగ్ హోంల మీద ఉన్న సమాఖ్య చట్టం ప్రకారం, ఉండి తీరాలి. చెల్లింపు లెక్క వేరు, ఓబ్రా లెక్క వేరు. ఈ తేడా తెలియని సాఫ్ట్‌వేర్‌ను ఈ పనికి అమ్మకూడదు.

ఇంకొకటి చిన్నది. జ్ఞాపకశక్తి ఇంటర్వ్యూ చేయమని ఏఆర్‌డీ రోజు పొద్దున్నే గుర్తుచేస్తుంది. అది ఆదివారమైతే మా దగ్గర సోషల్ వర్కర్ ఉండరు. సమయం దాటితే ఆ గడుల్లో సమాచారం లేదన్నట్టు గీతలు పెట్టడమే. నేను ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నమే వారాంతపు పేర్లు కాగితం మీద రాసి ఆమె చేతికిస్తున్నాను.

కంపెనీ సహాయ కేంద్రం వారు మర్యాదగానే మాట్లాడతారు, ఫోను వెంటనే ఎత్తుతారు. రాక సమయం సంగతి నేను మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ రాసుకున్నామన్నారు. నవంబరులో ఒప్పందం ముగుస్తుంది. కొనసాగించమనే మా అడ్మినిస్ట్రేటర్‌కు చెప్పాను, ఆ లోపం ఏ తేదీకల్లా సరిచేస్తారో కాగితం మీద రాసిస్తేనే.