ఒప్పందం తెగిన తరువాత నా ఆరోగ్య బీమా పాలసీ: హన్మకొండ నుంచి ఒక సమీక్ష

నాలుగేళ్లుగా మా అమ్మ పేరిట 10 లక్షల రూపాయల ఆరోగ్య బీమా పాలసీకి ప్రీమియం కడుతున్నాను. నేను పనిచేసేది హన్మకొండలోని ఒక ప్రైవేటు కళాశాలలో. యాజమాన్యం తీసుకున్న గ్రూపు పాలసీలో తల్లిదండ్రులకు చోటు లేదు. అమ్మకు అరవై నాలుగేళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, అందుకని ఆమెకు విడిగా తీసుకోక తప్పలేదు. గత నవంబరులో ఆ పాలసీతో మొదటిసారి పెద్ద అవసరం పడింది. కంపెనీ పేరూ ఆసుపత్రి పేరూ రాయడం లేదు. నా ఫిర్యాదు ఇంకా నడుస్తుండడం ఒక కారణం. ఇది ఏ కంపెనీ పాలసీదారుకైనా ఏ ఊళ్లోనైనా ఎదురుకాగల సమస్య కావడం రెండో కారణం.

కార్తీక పౌర్ణమి మరునాడు పొద్దున అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. రెండేళ్ల క్రితం నాకు డెంగీ వచ్చినప్పుడు ఇదే కంపెనీ కార్డుతో ఒక్క రూపాయి ముందు కట్టకుండా చికిత్స చేసిన ఆసుపత్రికే అంబులెన్సులో తీసుకువెళ్లాము. దారిలోనే కంపెనీ యాప్ తెరిచి చూశాను. నెట్‌వర్క్ ఆసుపత్రుల (అంటే కంపెనీతో ఒప్పందం ఉన్నవాటి) జాబితాలో ఆ పేరు, పక్కన ఆకుపచ్చ గుర్తు స్పష్టంగా ఉన్నాయి. ఎక్స్‌రే తీసి, వీలైతే రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేయాలని, ఈ వయసులో ఆలస్యమైతే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం వంటి ఇబ్బందులు వస్తాయని డాక్టరు చెప్పారు. అక్కడి నుంచి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరకు వెళితే, అక్కడి ఉద్యోగి కార్డు చూసి, "సార్, ఈ కంపెనీది మన దగ్గర నడుస్తలేదు. రేట్ల కాడ పంచాయితీ అయ్యింది, మూడు వారాలాయె. క్యాష్ కట్టి తర్వాత క్లెయిమ్ పెట్టుకోండ్రి" అన్నాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు. ఆ రోజు మాకంటే ముందు మరో ఇద్దరికి అదే మాట చెప్పానని కూడా అన్నాడు.

పాలసీ అమ్మేటప్పుడు ఏజెంటు ఎంత వివరంగా మాట్లాడినా సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. మనం కొనేది నిజానికి రెండు వేర్వేరు వస్తువులు. మొదటిది, ఆసుపత్రి ఖర్చును షరతులకు లోబడి భరిస్తామని కంపెనీ మనకు రాసిచ్చిన మాట. ఇది పాలసీ పత్రంలో ఉంటుంది, ఏడాది పొడవునా మారదు. రెండోది క్యాష్‌లెస్ సౌకర్యం, అంటే మనం ముందు డబ్బు కట్టకుండా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి చెల్లించడం. ఇది కంపెనీకీ ఆసుపత్రికీ మధ్య, కొన్నిచోట్ల టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ) ద్వారా, కుదిరిన ఒప్పందం మీద ఆధారపడి ఉంటుంది. ఏ చికిత్సకు ఎంత ప్యాకేజీ, బిల్లు మీద ఎంత తగ్గింపు, ఎన్ని రోజుల్లో చెల్లింపు అన్నవన్నీ ఆ ఒప్పందంలోనే ఉంటాయి. దాని మీద మన సంతకం ఉండదు, దాని ప్రతి మన చేతికి రాదు, అది రద్దయితే మనకు కబురు చేసేవారూ ఉండరు. కానీ ప్రీమియం కట్టే మనిషి మనసులో బీమా అంటే ఆ రెండో వస్తువే.

కంపెనీ కాల్ సెంటరుకు ఫోన్ చేస్తే, హైదరాబాదులో నెట్‌వర్క్ ఆసుపత్రులు చాలా ఉన్నాయని, అక్కడికి తీసుకువెళ్లమని సలహా ఇచ్చారు. తుంటి విరిగిన మనిషిని దాదాపు 150 కిలోమీటర్లు అంబులెన్సులో తీసుకుపోవడం ఎంత నరకమో ఆ అమ్మాయికి వివరించే ఓపిక ఆ పూట నాకు లేకపోయింది. వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిపి యాప్‌లో పందొమ్మిది పేర్లు ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూస్తే వాటిలో ఎక్కువ భాగం కంటి ఆసుపత్రులు, ప్రసూతి, పిల్లల ఆసుపత్రులు. ఎముకల ఆపరేషన్ చేసేవి రెండే తేలాయి. ఒకటి మేము నిలబడి ఉన్నది. రెండో చోట సర్జన్ వారానికి రెండుసార్లు హైదరాబాదు నుంచి వస్తారట, ఆ వారం ఆయన వచ్చే రోజు దాటిపోయింది. నెట్‌వర్క్‌లో ఎన్ని ఆసుపత్రులున్నాయన్న సంఖ్య ప్రకటనల్లో ఘనంగానే కనిపిస్తుంది. మన జిల్లాలో, మనకు రాగల జబ్బుకు పనికివచ్చేవి ఎన్ని అన్నదే అసలు లెక్క.

2024 జనవరిలో బీమా కంపెనీల ఉమ్మడి సంస్థ జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' అనే ఏర్పాటును ప్రకటించింది. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో చేరినా క్యాష్‌లెస్ అడగవచ్చు. ముందే నిర్ణయించుకున్న చికిత్స అయితే చేరడానికి 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటలలోపు కంపెనీకి తెలపాలి. నేను మొదటి గంటలోనే తెలిపాను. కాల్ సెంటరులో మొదట మాట్లాడిన ఉద్యోగికి ఆ పేరే తెలియదు, రెండోసారి మాట్లాడినవారు ఒక ఫారం పంపారు. దాన్ని తీసుకుని డెస్క్ దగ్గరకు వెళితే ఆసుపత్రి ఒప్పుకోలేదు. ఏ రేట్ల మీద తగవు పడి బయటకు వచ్చామో, ఆ రేట్లకే వెనుక దారిన మళ్లీ పనిచేయమన్నట్లు అవుతుందని వారి వాదన. వారి వైపు నుంచి చూస్తే అది సహజమే. అందుచేత ఏ తగవు వల్ల మనకు ఈ సౌకర్యం అవసరమవుతుందో, ఆ తగవు ఉన్నచోటే ఇది పనికిరాకుండా పోయింది. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద కంపెనీ గంటలోపు నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ సమయంలో తుది అనుమతి మూడు గంటలలోపు ఇవ్వాలి. మంచి నియమమే. అయితే ఆసుపత్రి అభ్యర్థనే పంపనప్పుడు ఆ గంట మొదలు కాదు.

మా చెల్లెలి గాజులు, మా ఇంటావిడ గొలుసు కుదువబెట్టి లక్షన్నర తెచ్చాము, మిగిలినది మా బావ సర్దాడు. ఆపరేషన్ రెండో రోజే జరిగింది, వైద్యం విషయంలో ఆ ఆసుపత్రిని వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఫిజియోథెరపిస్టు మూడో రోజు నుంచే వాకర్‌తో నడిపించారు. మొత్తం బిల్లు 2,46,000 రూపాయలు.

అసలు నష్టం ఎక్కడ జరిగిందో నాకు తరువాత అర్థమైంది. ముందు డబ్బు సర్దుకోవాల్సి రావడం ఒక్కటే ఇబ్బంది అనుకున్నాను. నెట్‌వర్క్‌లో ఉన్నంతకాలం ఆసుపత్రి ఆ కంపెనీ రోగికి ఒప్పందపు రేటే వేయాలి, అది రోగికి కూడా ఒక రక్షణ. ఒప్పందం తెగగానే మేము సాధారణ నగదు రోగులమయ్యాము, మా బిల్లు నగదు రేటు మీద తయారైంది. పత్రాలన్నీ పంపిన 41 రోజులకు కంపెనీ 1,87,400 రూపాయలు ఖాతాలో వేసింది. కోత పెట్టిన 58,600లో 11,200 చేతి తొడుగుల వంటి వాడి పారేసే సామగ్రికీ, రిజిస్ట్రేషన్ వంటి రుసుములకూ సంబంధించినది. పాలసీ షరతుల ప్రకారం అది న్యాయమే, దాని మీద నాకు అభ్యంతరం లేదు. మిగిలిన 47,400 'సహేతుకమైన, వాడుకలో ఉన్న చార్జీల కంటే ఎక్కువ' అన్న ఒక్క వాక్యంతో తీసేశారు. ఆ ప్రాంతంలో ఈ చికిత్సకు ఇంతే అవుతుందని వారు ఏ రేటుతో పోల్చారో ఆ ఉత్తరంలో లేదు. ఆసుపత్రి తన రేటు తాను వేసుకుంది, కంపెనీ తన రేటు తాను కట్టింది, రెండింటి మధ్య తేడా ఆ ఒప్పందం ఎన్నడూ చూడని మా మీద పడింది. దీనికి తోడు బంగారం మీద వడ్డీ మూడు వేలకు పైగా అయింది, దాన్ని ఏ క్లెయిములోనూ అడగలేము.

రెండు పక్షాల వాదనల్లోనూ నిజం ఉందని నేను ఒప్పుకుంటాను. ఏళ్ల కిందటి రేట్లతో ఇప్పుడు ఇంప్లాంట్లు, నర్సుల జీతాలు, కరెంటు బిల్లులు గిట్టుబాటు కావని, చెల్లింపుల్లో జాప్యాలు, కోతలు పెరిగాయని ఆసుపత్రులు అంటాయి. బిల్లులు పెంచి వేస్తే చివరికి ఆ భారం అందరి ప్రీమియం మీద పడుతుందని కంపెనీలు అంటాయి. 2025 ఆగస్టులో ఆసుపత్రుల సంఘం ఏహెచ్‌పీఐ, సెప్టెంబరు 1 నుంచి బజాజ్ అలియాంజ్ పాలసీదారులకు క్యాష్‌లెస్ ఆపాలని ఉత్తర భారతంలోని తన సభ్య ఆసుపత్రులకు సూచించి, చర్చల తరువాత ఆ సూచనను వెనక్కు తీసుకుంది. ఆ సంగతి పత్రికల్లో వచ్చింది కాబట్టి అక్కడి పాలసీదారులకు కనీసం ముందుగా తెలిసింది. ఒక జిల్లా కేంద్రంలో ఒక ఆసుపత్రీ ఒక కంపెనీ విడిపోతే ఏ పత్రికా రాయదు. ప్రభుత్వ పథకం కూడా దీనికి మినహాయింపు కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, కానీ 2025 సెప్టెంబరులో బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపి, ప్రభుత్వంతో చర్చల తరువాతనే తిరిగి మొదలుపెట్టాయి. ఆ రోజుల్లో మా వీధిలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన ఆపరేషన్ వాయిదా వేసుకుని వరంగల్ ప్రభుత్వాసుపత్రి ఎంజీఎం చుట్టూ తిరిగారు. పరిమితి ఎంతన్నది వేరు, ఆ పూట తలుపు తెరిచి ఉందా లేదా అన్నది వేరు.

కాబట్టి రేట్ల మీద తగవు పడినందుకు ఈ కంపెనీని నేను తప్పుపట్టడం లేదు. తగవు సంగతి పాలసీదారుకు చెప్పకపోవడాన్నే తప్పుపడుతున్నాను. ప్రీమియం గడువు దగ్గరపడితే పదిహేను రోజుల ముందు నుంచి రోజూ సందేశం పంపే కంపెనీకి, మా పిన్‌కోడ్‌లో ఫలానా ఆసుపత్రిలో క్యాష్‌లెస్ ఆగిపోయిందని ఒక్క సందేశం పంపడం కష్టమైన పని కాదు. మూడు వారాలు గడిచినా యాప్‌లో ఆకుపచ్చ గుర్తు అలాగే ఉంచడం నిర్లక్ష్యం కంటే పెద్ద తప్పు, ఎందుకంటే ఆ గుర్తును నమ్మే మనిషి దాన్ని అంబులెన్సులో కూర్చుని చూస్తాడు. ఆసుపత్రికీ ఇందులో బాధ్యత ఉంది. ప్రధాన ద్వారం దగ్గర ఏయే కంపెనీల కార్డులు చెల్లుతాయో తెలిపే బోర్డు మీద ఈ కంపెనీ గుర్తు మేము డిశ్చార్జ్ అయ్యే రోజు వరకూ ఉంది. డెస్క్ ఉద్యోగికి చెబితే, "పైన చెప్పిన సార్, తీస్తరు" అన్నాడు.

పాలసీలో మంచి కూడా చెప్పాలి. గది అద్దెకు పరిమితి పెట్టి, దాని నిష్పత్తిలో మొత్తం బిల్లును కోసే షరతు ఇందులో లేదు. కొన్ని పాలసీల్లో నెట్‌వర్క్ బయట చేరితే రోగి వాటా పెరుగుతుంది, అదీ లేదు. బీపీ, షుగర్‌ల నిరీక్షణ కాలం (ముందే ఉన్న జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలం) పూర్తయినందున వాటి పేరు చెప్పి కొర్రీలు వేయలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఫిజియోథెరపీకి అయిన ఖర్చును విడిగా పంపితే పన్నెండు రోజుల్లోనే ఇచ్చారు. పత్రంగా చూస్తే ఇది మంచి పాలసీ, ఐదుకు నాలుగు ఇస్తాను. మా జిల్లాలో అందిన సేవగా చూస్తే ఐదుకు రెండు కంటే ఇవ్వలేను.

ఇక్కడ ఒక తేడా గమనించాలి, లేకపోతే భయపడనవసరం లేని చోట భయపడతాము, భయపడవలసిన చోట ఊరుకుంటాము. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రి వేరు, కంపెనీ మినహాయించిన ఆసుపత్రి వేరు. మొదటి దానిలో చేరితే డబ్బు కట్టి తరువాత తిరిగి పొందవచ్చు. రెండోది కంపెనీ తన వెబ్‌సైటులో విడిగా ప్రకటించే జాబితా. అందులో ఉన్న చోట చేరితే, ప్రాణాపాయం లేదా ప్రమాదం అయిన సందర్భంలో రోగి పరిస్థితి కుదుటపడే వరకు అయిన ఖర్చు తప్ప మిగతాది ఇవ్వరు. తగవు ముదిరితే ఒక జాబితాలోని పేరు ఇంకో జాబితాలోకి పోవచ్చు. అందుకని డబ్బు కట్టే ముందే, ఈ ఆసుపత్రి మినహాయింపు జాబితాలో లేదని కంపెనీ చేత ఈమెయిల్‌లో రాయించుకున్నాను. తరువాత క్లెయిములో అది చాలా పనికివచ్చింది. యాప్‌లో ఆకుపచ్చ గుర్తును ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోవడం కూడా మంచిదైంది.

కోత మీద మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాను. ఆ ఫొటో జతచేసి, మీ జాబితాను నమ్మి చేరాము కాబట్టి తేడా మీరే భరించాలని అడిగాను. ఇరవై రోజులకు మరో 21,000 రూపాయలు ఇచ్చారు, కారణం మాత్రం రాయలేదు. మిగిలిన 26,400 కోసం హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు విని తీర్పు చెప్పే అధికారి) కార్యాలయానికి ఫిర్యాదు పంపాను. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీకి రాసి నెల రోజులు దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోతే ఏడాదిలోపు అక్కడికి వెళ్లవచ్చు. 50 లక్షల వరకు వివాదాలు వారు వింటారు. ఐఆర్‌డీఏఐ వారి 'బీమా భరోసా' పోర్టల్‌లోనూ నమోదు చేశాను.

ఈ మధ్యనే రెన్యువల్ గడువు వచ్చింది, కట్టాను. వేరే కంపెనీకి మారితే నిరీక్షణ కాలపు లెక్క వెంట వస్తుంది గానీ, తుంటి ఆపరేషన్ అయిన, షుగర్ ఉన్న మనిషిని కొత్త కంపెనీ తీసుకోవాలనే నిర్బంధం లేదు. పైగా 60 నెలలు ఎడతెగకుండా నడిచిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారనే పేరుతో క్లెయిము తిరస్కరించలేరు. అమ్మ పాలసీకి ఆ గడువు ఇంకొక్క ఏడాదిలో పూర్తవుతుంది. అంతవరకు రెండు లక్షలు బ్యాంకులో విడిగా వేసి ఉంచాను. కొత్తగా, చిన్న వయసులో కొనేవారు మాత్రం ఈ కంపెనీని ఎంచుకునే ముందు హన్మకొండలో తాము వెళ్లే ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కు ఒకసారి స్వయంగా వెళ్లి, ఈ కార్డు ఇవాళ నడుస్తోందా అని అడిగి చూడండి.