ఒడిశా ఎఫ్‌సీకి కోచ్: లోబెరా దారా, మిరాండా దారా?

బరంపురం, పర్లాకిమిడి వైపు ఒడిశా ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు అభిమానులకి తెగని వాదన ఇది: తర్వాతి కోచ్ స్పెయిన్‌కి చెందిన సెర్జియో లోబెరాలాంటి విదేశీయుడా, క్లిఫర్డ్ మిరాండాలాంటి మన దేశపువాడా? ఇద్దరూ ఇక్కడ పనిచేసినవాళ్లే.

లోబెరా పద్ధతిలో బంతి మన దగ్గరే ఉండాలి. దాడి గోల్‌కీపర్ పాస్‌తోనే మొదలవుతుంది, రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు, అంటే ఫుల్‌బ్యాక్‌లు, ఇద్దరూ ముందుకు పోతారు. చిక్కల్లా అక్కడే. మధ్యలో ఒక్క పాస్ తెగితే వాళ్ల వెనక అంతా ఖాళీ, కాపలాకి మిగిలేది మధ్యలో ఉండే ఇద్దరు డిఫెండర్లు, సెంటర్‌బ్యాక్‌లు. అందుకే కాళ్లతో ఆడగల గోల్‌కీపర్, వేగమున్న సెంటర్‌బ్యాక్‌లు, డిఫెన్స్ ముందు నిలబడి ఒత్తిడిలో తడబడని హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ కావాలి. వీళ్లు చవగ్గా దొరకరు. 2020-21 ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ముంబై సిటీకి ఆయన లీగ్ దశలో మొదటి స్థానానికిచ్చే షీల్డు, ఫైనల్ గెలిస్తే వచ్చే కప్పు రెండూ తెచ్చాడు; ఆ జట్టు ఖర్చు ఏపాటిదో అందరికీ తెలుసు. మన దగ్గర ఆయన కోచ్‌గా ఉండగా, దేశవాళీ టోర్నీ సూపర్ కప్ 2024 జనవరి ఫైనల్‌ సొంత మైదానం కళింగ స్టేడియంలోనే ఈస్ట్ బెంగాల్‌కి 2-3తో పోయింది.

మిరాండా 2023 ఏప్రిల్‌లో తాత్కాలిక కోచ్‌గా, ఉన్న ఆటగాళ్లతోనే సూపర్ కప్ గెలిపించాడు. ఫైనల్లో బెంగళూరుపై 2-1. చిన్న టోర్నీ వేరు, నెలల తరబడి లీగ్ వేరు, నిజమే. అయినా డబ్బు బిగిసిన సీజన్‌లో మనవాడికే నా ఓటు, పక్కన మంచి ఫిట్‌నెస్ కోచ్‌ని పెడితే.